ఎవరిదీ కాని నేలపై కరెంటు తీగ

కరెంటు తీగకు తిన్నగా పోవడమే ఇష్టం. లైన్లు వేసే ఏ ఇంజినీరును అడిగినా ఇదే చెబుతాడు. 400 కిలోవోల్టుల లైనుకు మామూలుగా నాలుగు వందల మీటర్లకో టవరు నిలబెడతారు. తిన్నగా సాగే లైనులో తీగల బరువు మోస్తే చాలు కాబట్టి ఆ టవరు కాస్త సన్నగా ఉన్నా ఫర్వాలేదు. అదే లైను మలుపు తిరగాలంటే, రెండు వైపుల నుంచీ లాగే తీగల్ని కాచుకోవడానికి బాగా దిట్టమైన టవరు కావాలి. ఇనుము ఎక్కువ, సిమెంటు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. అందుకే సర్వే చేసేవాళ్లు వీలైనన్ని తక్కువ వంపులతో గీత గీస్తారు.

అయినా పెద్ద లైను ఏదీ చివరిదాకా తిన్నగా ఉండదు. ఊరొచ్చిందని ఒకచోట తప్పుకుంటుంది. విమానాశ్రయం ఉందని ఇంకోచోట వంగుతుంది. తోట యజమాని కోర్టుకు వెళ్లాడనో, ఫలానా వెంచర్‌లో ఫలానా పెద్దమనిషికి ప్లాట్లున్నాయనో మరోచోట మెలిక తిరుగుతుంది. ఇలా అందరినీ తప్పించుకుంటూ వెళ్లి, అడ్డు చెప్పేవాళ్లు లేని చోట మాత్రం హాయిగా కాళ్లు చాపుకుంటుంది. ఆ చోటు ఏదంటే... రికార్డుల్లో ‘ప్రభుత్వ భూమి’ అనో ‘బంజరు’ అనో రాసి ఉన్న నేల. పశువుల మేతకు ఊరంతా కలిసి వదిలేసుకున్న బీడు. తెలుగు పల్లెల్లో బంచరాయి అంటారే, అదే.

పట్టా లేని ఆ నేల నిజంగా ఎవరిదీ కాదా? ఈ ప్రశ్న ఇవాళ దేశంలో గట్టిగా వినిపిస్తున్న చోటు, పాకిస్తాన్ సరిహద్దును ఆనుకుని ఉన్న రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లా. అక్కడ బంచరాయిలాంటి నేలకు ఓ ముద్దు పేరుంది... ఓరణ్.

ఓరణ్ అంటే దేవుడి పేరు మీద వదిలిన నేల. దాంట్లో నాగలి దించరు. గొడ్డలి పెట్టరు. పశువుల్ని మేపుకోవచ్చు, రాలిన పుల్లలు ఏరుకోవచ్చు, రేగుపళ్లు కోసుకోవచ్చు. పచ్చి కొమ్మ విరిస్తే మాత్రం ఊరు ఊరుకోదు. ఏ చట్టం వచ్చి పెట్టిన కట్టుబాటూ కాదిది, తరాల నాటిది. ఈ నేలల్లో ఎక్కువగా కనిపించేది ఖేజ్రీ చెట్టు. పేరు కొత్తగా ఉందని అనుకోనక్కర్లేదు. దసరా నాడు మనం ప్రదక్షిణ చేసే జమ్మి చెట్టే అది. రాజస్థాన్‌కు అదే రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ అదే. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఈ చెట్లను నరకడానికి వస్తే ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను వాటేసుకుని ప్రాణాలిచ్చారని చరిత్ర చెబుతోంది. అలాంటి చోట ‘చెట్టే కదా’ అంటే చెల్లుతుందా!

రాజస్థాన్ మొత్తమ్మీద ఇలాంటి పవిత్ర వనాలు దాదాపు పాతిక వేలున్నాయనీ, వాటి విస్తీర్ణం ఆరు లక్షల హెక్టార్ల వరకూ ఉంటుందనీ అంచనా. జైసల్మేర్ జిల్లాలోని దేగ్‌రాయ్ మాత ఓరణ్ వాటిలో పేరున్నది. అరవై వేల బీఘాల దాకా ఉంటుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెబుతారు. రెవెన్యూ రికార్డుల్లో అమ్మవారి పేరిట నమోదైంది అందులో సగం కూడా లేదు. అసలు తగాదా అంతా ఈ రెండు లెక్కల మధ్యనే ఉంది.

ఇసుక నేలలో వాన పడేదే తక్కువ. పడిన ఆ నాలుగు చినుకులూ ఎటు పారాలో, ఏ కుంటలోకి చేరాలో అక్కడివాళ్లకు తెలుసు. నీళ్లు జారి వచ్చే ఆ వాలును ‘ఆగోర్’ అంటారు. దాని మీద చెప్పులతో నడవనివ్వని ఊళ్లు ఉండేవి. కుంట నిండితే ఆవులకూ గొర్రెలకూ ఒంటెలకూ, వాటి వెంట ఉండే మనుషులకూ కొన్ని నెలలు గడిచిపోతాయి. ఈ వాలుకు అడ్డంగా మట్టిరోడ్డు వేసినా, టవరు పునాదికి గుంటలు తవ్వి మట్టి గుట్టలు పోసి వదిలేసినా, వాన నీరు దారి మార్చుకుంటుంది. దూరం నుంచి చూసేవాళ్లకు అక్కడ టవరు తప్ప ఇంకేం కనబడదు. ఒంటెల కాపరికి మాత్రం ఎండిపోయిన కుంట కనబడుతుంది.

మరి రికార్డుల్లో ఈ నేల ఎలా ఉంది? చాలాచోట్ల ‘సివాయ్ చక్’ అని. అంటే శిస్తు కట్టే సాగు చెక్కలు పోను మిగిలినదన్నమాట. తెల్లదొరల కాలంలో శిస్తు రాని నేలంతా వాళ్ల లెక్కలో ‘వేస్ట్’. దొరలు పోయినా ఆ మాట పోలేదు. దేశంలోని బంజరు భూముల అట్లాసును కేంద్ర భూవనరుల శాఖ కోసం తయారుచేసేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. ఉపగ్రహ చిత్రాల్లో పొదలతో, గడ్డితో, ఇసుకతో కనిపించే నేల అందులో బంజరు కిందికే వస్తుంది. శాస్త్రవేత్తల తప్పేమీ లేదు, ఆకాశం నుంచి చూస్తే దేవుడూ కుంటా కాపరీ కనబడరు. కానీ ‘ఇక్కడ ఖాళీ స్థలం ఉంది’ అని చూపించడానికి ఆ ఒక్క మాట చాలు.

ఖాళీ స్థలానికి ఇప్పుడు గిరాకీ వచ్చింది. ఎండ అమ్ముడుపోయే రోజులివి. దేశంలో సౌర విద్యుత్తుకు రాజస్థాన్ పెట్టింది పేరు. భడ్‌లాలో ఒక్క సోలార్ పార్కే 2,245 మెగావాట్లది. 2030 నాటికి బొగ్గు, గ్యాస్ లాంటివి మండించకుండా వచ్చే విద్యుత్తు సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు చేర్చాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. ఇది మంచి పనే, సందేహం లేదు. బొగ్గు పొగకన్నా ఎండ వేయి రెట్లు మేలు. పైగా ఆ ఎండ జైసల్మేర్‌తో ఆగిపోదు. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసిపోయింది. ఆ రోజు నుంచి దేశమంతా ఒకటే గ్రిడ్. ఎడారిలో పుట్టిన కరెంటుకు విజయవాడలోనో వరంగల్‌లోనో ఫ్యాను తిప్పడానికి దారి ఏర్పడింది. కాబట్టి ఓరణ్ గొడవ రాజస్థాన్ వాళ్ల సొంత గొడవ అనుకుని పేజీ తిప్పేయడానికి లేదు.

సోలార్ ప్లాంటు ఒకచోట కుదురుగా ఉంటుంది. తీగలు అలా కాదు. ఒక్కో కంపెనీ తన ప్లాంటు నుంచి కరెంటు పోగయ్యే సబ్‌స్టేషన్ దాకా తన సొంత లైను లాక్కుంటుంది. పక్క కంపెనీ లైను వంద మీటర్ల అవతలే ఉన్నా సరే, ఎవరి స్తంభాలు వాళ్లవి. 33 కిలోవోల్టులవి, 132వి, 220వి, వాటన్నిటి పైనుంచి 400వి, 765వి. బట్టలారేసుకునే మేడ మీద ఎవరి తాడు వాళ్లు కట్టుకున్నట్టు! 400 కిలోవోల్టుల లైను కింద సుమారు 46 మీటర్ల వెడల్పున నేలను లైను కోసం కేటాయించాలి. 765 కిలోవోల్టుల జంట లైనుకైతే 67 మీటర్లు. ఆ మేర చెట్లు ఎదగనివ్వరు.

ఇంత పని జరిగేటప్పుడు పర్యావరణ అనుమతి అడిగి తీరాలిగా అనిపిస్తుంది. అడగక్కర్లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. సోలార్ ప్యానెళ్ల ప్లాంట్లకూ మినహాయింపే. అటవీ భూమి మీదుగా వెళ్తే 1980 నాటి అటవీ చట్టం కింద అనుమతి కావాలి. కానీ ఓరణ్ రికార్డుల్లో అడవిగా ఉంటే కదా! అలా రెండు చట్టాల సందులోంచి తీగ జారిపోతుంది.

మూడో చట్టం ఇంకా తమాషాది. కరెంటు లైను వేసేవాళ్లకు ఎవరి నేల మీదుగానైనా వెళ్లే అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి వచ్చింది. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ ఆ అధికారాన్ని లైన్లు వేసే సంస్థలకు కట్టబెట్టడానికి వీలు కల్పించింది. టెలిగ్రాం సేవలు 2013లోనే ఆగిపోయాయి. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చి పాత టెలిగ్రాఫ్ చట్టాన్ని ఇంటికి పంపింది. పంపుతూ పంపుతూ కరెంటు లైన్లకు పనికొచ్చే ఆ భాగాన్ని మాత్రం ఉంచేసింది. ఈ చట్టం కింద నేలను సేకరించరు, కొనరు. వాడుకుంటారంతే. జరిగిన నష్టానికి పరిహారం ఇస్తారు.

పరిహారం మాటకొస్తే రైతుల పోరాటాల పుణ్యమా అని కొంత మెరుగైంది. 2015లో కేంద్ర విద్యుత్ శాఖ టవరు కింది నేల విలువలో 85 శాతం, తీగల కింది నేలకు 15 శాతం వరకూ ఇవ్వాలని సూచించింది. 2024 జూన్‌లో దాన్ని సవరించి టవరు కింది నేలకు విలువకు రెట్టింపు, తీగల కింది పట్టీకి 30 శాతం అంది. నిజామాబాద్‌లోనో నంద్యాలలోనో పట్టా ఉన్న రైతు ఈ లెక్క చూపించి కలెక్టరు ముందు గట్టిగా మాట్లాడగలడు. ఓరణ్‌లో ఒంటెలు మేపుకునే మనిషికి ఏ పట్టా ఉంది? అతని తాత అక్కడే మేపాడు, ముత్తాత అక్కడే మేపాడు. చెక్కు రాయాలంటే పేరుండాలి, పేరుండాలంటే పాసుపుస్తకం ఉండాలి. ఈ సంగతి తెలిసినందుకే పరిహారం పెరిగేకొద్దీ పట్టా భూముల్ని తప్పించి ఊరుమ్మడి నేల వైపు లైనును జరపాలన్న ఆశా పెరుగుతుంది. రైతుకు న్యాయం చేయబోయి కాపరి నెత్తిన టవరు పెట్టినట్టవుతుంది. మంచి నిబంధనకు ఇలాంటి పక్క ఫలితం ఉంటుందని దాన్ని రాసినవాళ్లు ఊహించి ఉండకపోవచ్చు.

ఈ తగాదాలో కోర్టు గడప ముందుగా తొక్కింది మనుషుల తరఫున కాదు, ఓ పిట్ట తరఫున. దాని ఇంగ్లిషు పేరు గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, రాజస్థాన్‌లో గోడావణ్. తెలుగువాళ్లకు బట్టమేక పిట్టగా ఎప్పటి నుంచో తెలిసిందే. కర్నూలు వైపు నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు గడ్డి మైదానాల్లో ఇది తిరిగేది. దాని కోసమే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. కానీ చుట్టూ సాగు పెరిగి, పంటలు మారి, గడ్డి నేల కుదించుకుపోయింది. పిట్టా తగ్గుతూ తగ్గుతూ కనబడకుండా పోయింది. ఇప్పుడు దేశం మొత్తమ్మీద అడవిలో బతుకుతున్నవి 150 లోపే ఉంటాయని అంచనా. దాదాపు అన్నీ జైసల్మేర్ చుట్టుపక్కలే. గుజరాత్‌లోని కచ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని.

బాగా ఎదిగిన మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువున్నవి ప్రపంచంలోనే తక్కువ. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. పొదల్లోంచి వచ్చే నక్కను పసిగట్టడానికి అదే వీలు. ఎదురుగా ఉన్న తీగ మాత్రం సరిగా ఆనదు. దగ్గరికొచ్చాక కనబడినా అంత శరీరాన్ని టక్కున పక్కకు తిప్పుకోలేదు. ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు పెట్టే పక్షి తీగకు తగిలి రాలిపోతే ఆ లోటు పూడటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. థార్ ఎడారిలో 4,200 చదరపు కిలోమీటర్ల పరిధిలోనే కరెంటు తీగల వల్ల ఏటా అన్ని రకాలూ కలిపి దాదాపు 84 వేల పక్షులు చచ్చిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా కట్టింది.

1972 వన్యప్రాణి చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్న మాజీ ఐఏఎస్ అధికారి ఎం.కె.రంజిత్‌సింహ్ ఈ పిట్ట కోసం 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో కోర్టు, పక్షి తిరిగే ముఖ్యమైన ప్రాంతాల్లో వీలైన చోటల్లా తీగల్ని భూమిలో పూడ్చమనీ, మిగతా చోట్ల తీగలకు పక్షుల్ని మళ్లించే బిళ్లలు తగిలించమనీ చెప్పింది. ఆ తీర్పు పరిధి దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లు. ప్రభుత్వం, కంపెనీలు గగ్గోలు పెట్టాయి. అంత నేలలో తీగలన్నీ పూడిస్తే సౌర విద్యుత్తు లక్ష్యం ఎలా నెరవేరుతుందని అడిగాయి.

ఆ గగ్గోలులో కొంత నిజముంది. పైన వేలాడే తీగకు గాలే తొడుగు, గాలే చల్లదనం. నేలలో పూడ్చే కేబుల్‌కు మందపాటి తొడుగు కావాలి, లోపల పుట్టే వేడి బయటికి పోవాలి. 33 కిలోవోల్టుల లాంటి చిన్న లైన్లను పూడ్చడం మామూలే, నగరాల్లో చేస్తూనే ఉన్నారు. 400, 765 దగ్గరికి వచ్చేసరికి పదుల కిలోమీటర్ల పొడవున్న కేబుల్ తనను తాను నింపుకోవడానికే బోలెడు కరెంటు తీసుకుంటుంది. అతుకులు ఎక్కువ, మరమ్మతు కష్టం, ఖర్చు ఎన్నో రెట్లు. అందుకని 2024 మార్చిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం పాత ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీ వేసింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం కూడా పౌరుల హక్కేనని ఆ తీర్పులోనే చెప్పింది. 2025 డిసెంబరులో తెలుగువారైన జస్టిస్ పి.ఎస్.నరసింహ ఉన్న ధర్మాసనం ఆ కమిటీ సిఫార్సుల్ని ఆమోదించింది. రాజస్థాన్‌లో 14,013 చదరపు కిలోమీటర్లు, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు ప్రాధాన్య ప్రాంతాలుగా తేలాయి. కొత్త లైన్లు ఇష్టం వచ్చినట్టు పోకుండా నిర్దేశించిన కారిడార్లలోనే వెళ్లాలన్న పద్ధతీ వచ్చింది.

ఎవరి తాడు వాళ్లు కట్టుకునే రోజులు పోయి అందరి తాళ్లూ ఒక పక్కన కట్టాలన్న ఆలోచన ఇన్నాళ్లకు కాగితం మీదికొచ్చింది. నిజానికి ఇది పిట్ట కోసమే చేయాల్సిన పని కాదు. పది లైన్లకు పది పట్టీలు కాకుండా ఒకటి రెండు పట్టీలు సరిపోతే నేల మిగులుతుంది, కుంట మిగులుతుంది, కంపెనీకీ తగాదాలు తగ్గుతాయి. ప్లాంట్లకు స్థలాలు ఇచ్చేముందే ఈ పటం గీసి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఇక్కడ ముందు ప్యానెళ్లు వచ్చాయి, తర్వాత తీగలు, వాటి తర్వాత కోర్టు, ఆఖరున పటం!

అయితే ఆ పటం పిట్ట తిరిగే చోట్లది. ఓరణ్‌ల పటం వేరు. పిట్ట వాలని ఓరణ్‌లూ చాలా ఉన్నాయి. వాటి సంగతి 2024 డిసెంబరు 18న వచ్చిన మరో సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. రాజస్థాన్‌లోని పవిత్ర వనాలన్నిటినీ నేల మీదా ఉపగ్రహ చిత్రాల్లోనూ సర్వే చేసి గుర్తించాలని, విస్తీర్ణం ఎంత చిన్నదైనా సరే వాటిని అడవులుగా పరిగణించి రక్షించాలని కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆదేశం బాగుంది. అయితే కాపరుల్లో ఓ కొత్త భయమూ పుట్టింది. అడవి అని రాస్తే రేపు అటవీ శాఖ గేటు పెట్టి ‘మేకల్ని లోపలికి తేవద్దు’ అంటుందేమోనని. నిన్నటిదాకా ‘ఇది ఎవరిదీ కాదు’ అన్న కాగితం, రేపు ‘మీది మాత్రం కాదు’ అంటే? వాళ్లు అడుగుతున్నది ఒక్కటే. ఓరణ్ పేరుతోనే, ఓరణ్ కట్టుబాట్లతోనే రికార్డుకు ఎక్కించమని. ఇందుకోసం జైసల్మేర్ ప్రాంతంలో ఊళ్లవాళ్లు తమ ఓరణ్‌ల చుట్టూ పాదయాత్రలు చేశారు, కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు.

పాతిక వేల వనాల హద్దులు తేల్చడం రోజుల్లో అయ్యే పని కాదు. ఏ గుట్ట దగ్గర ఓరణ్ మొదలవుతుందో, ఏ ఖేజ్రీ చెట్టు దగ్గర ముగుస్తుందో చాలా ఊళ్లలో పెద్దవాళ్ల నోటిలెక్కగానే ఉంది. సర్వే బృందం ఊళ్లోకి వెళ్లేలోపు లైను సర్వేయరు వచ్చి మేకులు పాతేస్తే, హద్దుల తగాదా మళ్లీ కోర్టులోనే తేలాలి. ఒకసారి తీగలో కరెంటు పారాక టవరును పక్కకు జరిపించడం ఎంత కష్టమో, ఆ మేకు దశలో గీతను నాలుగు వందల మీటర్లు జరపడం అంత తేలిక. అందుకు కావలసింది మలుపు దగ్గర రెండు దిట్టమైన టవర్లు.